ఉక్కపోతకూ వానకూ పనికొచ్చే మెష్ జాకెట్: కొనేముందు చూడవలసినవి

మెష్ జాకెట్ అంటే బండి నడిపేవాళ్ల కోసం, గాలి దూరేలా జల్లెడలాంటి గుడ్డతో కుట్టిన జాకెట్. భుజాలకూ మోచేతులకూ వీపుకూ దెబ్బ ఆపే ప్యాడ్లు లోపలి సంచుల్లో ఉంటాయి. తోలు జాకెట్ చలిదేశాల సరుకు. దాన్ని తొడుక్కుని మే నెలలో చెన్నై సిగ్నల్ దగ్గర నిలబడడం ఎవరి తరమూ కాదు. అందుకే చెన్నై, బెంగళూరు, ముంబయి, బరంపురం రోడ్ల మీద బండిపై దూరం వెళ్లేవాళ్లకు మెష్ జాకెట్టే అలవాటైంది. పెళ్లికో పండక్కో సరిహద్దు దాటి సొంతవాళ్ల ఊళ్లకు బండి మీదే వెళ్లివచ్చే ఇళ్లు మనలో తక్కువేమీ కాదు. షోలాపూర్ నుంచి హైదరాబాదు, బళ్లారి నుంచి అనంతపురం, బరంపురం నుంచి ఇచ్ఛాపురం, యానాం నుంచి కాకినాడ, కొరాపుట్ నుంచి సాలూరు ఘాట్ మీదుగా విజయనగరం వెళ్లేవాళ్లకు ఈ వివరాలు పనికొస్తాయి.

హెల్మెట్ పెట్టుకోవాలని 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెబుతోంది. జాకెట్ వేసుకోవాలని చట్టం ఎక్కడా అడగదు. పోలీసు ఆపడు కాబట్టి, వేసుకోవడమా మానడమా అన్నది పూర్తిగా మన సౌకర్యం మీద ఆధారపడి ఉంటుంది. జాకెట్ ఎంపికలో అసలు చిక్కు ఇదే. పరీక్షశాలలో గొప్ప మార్కులు తెచ్చుకున్న జాకెట్ ఉక్కపోతకు భయపడి మేకుకు వేలాడుతుంటే దానివల్ల కాపాడబడేది ఆ మేకే. రోజూ ఆఫీసుకో కొట్టుకో వెళ్లే ఎనిమిది, పది కిలోమీటర్లకు కూడా విసుక్కోకుండా వేసుకోగలమా అన్నది మొదటి ప్రశ్న. మిగతావన్నీ దాని తరువాతే.

మీ ఊరి వేడి ఎలాంటిది?

వేడి రెండు రకాలు. సముద్రం దగ్గరున్న చెన్నై, యానాం, ముంబయి, బరంపురంలో ఉక్కపోత. బళ్లారి, షోలాపూర్, చంద్రపూర్ వైపు పొడి ఎండ, వడగాడ్పు. ఒకే జాకెట్ ఈ రెండింటిలో ఒకేలా పనిచేయదు.

మెష్ మనల్ని చల్లబరచదు, చెమటను ఆరనిస్తుంది. చెమట ఆవిరయ్యేటప్పుడు ఒంట్లోని వేడిని తీసుకుపోతుంది, చల్లదనం దానివల్లే వస్తుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆవిరవడం మందగిస్తుంది. అందుకే తీరప్రాంతంలో బండి కదులుతున్నంతసేపూ మెష్ హాయిగానే ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగగానే ఊపిరాడనట్టు అనిపిస్తుంది. ఆగి ఆగి నడిచే ఊరి ప్రయాణమే ఎక్కువైతే గాలి ఎక్కువ దూరే రకం ఎంచుకోండి. ఛాతీ, వీపు, చేతుల లోపలివైపు అంతా మెష్ ఉన్నది కావాలి. ఛాతీ మీద రెండు జిప్పులు పెట్టి ‘గాలి వస్తుంది’ అని అమ్మేవి ఇక్కడ చాలవు.

పొడి ఎండలో లెక్క తిరగబడుతుంది. మన చర్మం ఉష్ణోగ్రత ఇంచుమించు 33 నుంచి 35 డిగ్రీలు. బయట గాలి 42 డిగ్రీలు ఉన్నప్పుడు మెష్‌లోంచి దూరేది చల్లగాలి కాదు, కొలిమి గాలి. చెమట పట్టినట్టు కూడా తెలియకుండానే ఆరిపోతుంది, ఒంట్లో నీరు తగ్గిపోతుంది. షోలాపూర్ నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద మిట్టమధ్యాహ్నం వెళ్లేవాళ్లు లోపల వేసుకున్న చొక్కా తడుపుకుని, దానిమీద జాకెట్ వేసుకోవడం తెలివైన పని. ఆ చొక్కా ఆరేదాకా చల్లగా ఉంటుంది. ఛాతీ జిప్పులు కొంత మూసుకుంటే ఇంకాసేపు నిలుస్తుంది. గంటకోసారి నీళ్లు తాగాలి, చొక్కా మళ్లీ తడుపుకోవాలి. ఇదే సూత్రంతో నీళ్లలో ముంచి వేసుకునే ‘కూలింగ్ వెస్టు’లు అమ్ముతున్నారు. అవి బళ్లారిలో పనిచేస్తాయి. యానాంలో తడిగుడ్డ మోసినట్టే ఉంటుంది, డబ్బు దండగ.

బెంగళూరు, కోలారు, హోసూరు వాళ్లది అదృష్టం. ఏడాదిలో ఎక్కువ రోజులు మెష్ చాలు, డిసెంబరు పొద్దుటి చలికి లోపల పలచని స్వెటరు వేసుకుంటే సరి. కొరాపుట్, సెమిలిగుడ వైపు శీతాకాలంలో మాత్రం మెష్ ఒక్కటే సరిపోదు.

రంగు మాట కూడా ఇక్కడే. నల్లది ఎండలో ఎక్కువ వేడెక్కుతుంది. లేత బూడిద రంగు మేలు. మాసినట్టు కనిపిస్తుందన్న ఫిర్యాదు నిజమే, ఉతుక్కోవాలి.

గుడ్డ, కుట్టు

మరమగ్గాల మధ్య పెరిగిన షోలాపూర్, భివండీ పద్మశాలి ఇళ్లవాళ్లకు ఈ భాగం చెప్పనక్కరలేదేమో. జాకెట్ చీటీ మీద 600డి, 500డి అని ఉంటుంది. డి అంటే డెనియర్. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంకె పెరిగితే పోగు లావైందని అర్థం, అంతే. గట్టిదనం పోగు దేనితో చేశారన్నదాని మీద కూడా ఉంటుంది. 500 డెనియర్ల కార్డురా నైలాన్ గుడ్డ 600 డెనియర్ల మామూలు పాలియెస్టర్ కంటే రాపిడికి బాగా ఆగుతుంది. పెద్ద అంకె చూసి మోసపోవద్దు.

మెష్ పడుగు పేకల నేత కాదు, పోగులను ఉచ్చులుగా మలిచి అల్లిన గుడ్డ. కన్ను ఎంత పెద్దదైతే గాలి అంత వస్తుంది, కిందపడి రోడ్డు మీద ఒరుసుకుపోయినప్పుడు ఆపే పోగులూ అంత తగ్గుతాయి. అందువల్ల మెష్ ఎంత ఉందన్నదానికంటే ఎక్కడ ఉందన్నది ముఖ్యం. పడినప్పుడు ముందు నేలను తాకేవి భుజం, మోచేయి, ముంజేతి వెలుపలివైపు, తుంటి. అక్కడ గట్టి నేతగుడ్డ ఉండాలి, వీలైతే రెండు పొరలు. ఛాతీ, చంక కింద, చేతి లోపలివైపు, వీపు మధ్య మెష్ ఉన్నా ఇబ్బంది లేదు. మోచేయి మీదుగా కూడా మెష్ పట్టీ నడిపించిన జాకెట్లు చూడడానికి బాగుంటాయి, వాటిని అక్కడే వదిలేసి రావడం మంచిది.

కుట్టును లోపలికి తిరగేసి చూడాలి. భుజం, చేతి కుట్లు రెండు మూడు వరసలుగా ఉండాలి, వాటిలో కనీసం ఒక వరస గుడ్డ మడతలో దాగి ఉండాలి. పైకి కనిపించే దారం రాపిడికి ముందే తెగుతుంది. దారం తెగితే గుడ్డ ఎంత గట్టిదైనా కుట్టు విచ్చుకుంటుంది.

చీటీ మీది గుర్తులు

మన దగ్గర అమ్మే మంచి జాకెట్ల మీద కనిపించేవి ఎక్కువగా యూరప్ ప్రమాణాల గుర్తులు. ఇక్కడ ఒక కిటుకు తెలుసుకోవాలి. జాకెట్‌కు ఒక గుర్తు, ప్యాడ్లకు వేరే గుర్తు. ‘సీఈ సర్టిఫైడ్’ అని పెద్ద అక్షరాలతో రాసి, తీరా చూస్తే లోపలి ప్యాడ్లకే ఆ గుర్తు ఉన్న జాకెట్లు చాలా ఉన్నాయి.

జాకెట్ మొత్తానికి సంబంధించినది ఈఎన్ 17092. 2020లో వచ్చింది. ఇందులో ఏఏఏ, ఏఏ, ఏ అని మూడు ప్రధాన తరగతులు, వాటి కింద బీ, సీ. బీ తరగతికి రాపిడి పరీక్ష ఏ తరగతిలాంటిదే, కానీ ప్యాడ్లు ఉండవు. సీ తరగతిది ప్యాడ్లు మోసే లోపలి తొడుగు, రాపిడికి లెక్కలోకి రాదు. పడినప్పుడు ఎక్కువగా ఒరుసుకునే భాగాలను తిరిగే యంత్రం మీద పరీక్షిస్తారు. ఆ యంత్రం వేగం ఏఏఏకు గంటకు సుమారు 120 కిలోమీటర్లకూ, ఏఏకు 70కీ, ఏకు 45కీ సమానం. ఆ వేగంలో పడితే ఏమీ కాదని దీని అర్థం కాదు, తరగతుల మధ్య తేడా తెలియడానికే. మెష్ జాకెట్లు ఎక్కువగా ఏ తరగతిలో ఉంటాయి, కొన్ని ఏఏలో ఉంటాయి. ఊళ్లో తిరగడానికి ఏ చాలు. వారం వారం హైవే ఎక్కేవాళ్లు ఏఏ కోసం వెతకడం మంచిది.

ప్యాడ్ల ప్రమాణం ఈఎన్ 1621. మోచేయి, భుజం ప్యాడ్లకు 1621-1, వీపు ప్యాడ్‌కు 1621-2. ప్యాడ్ మీద బరువు పడేసి, అవతలివైపు ఎంత దెబ్బ చేరిందో కొలుస్తారు. మోచేయి, భుజాలకు లెవెల్ 1లో చేరే బలం సగటున 35 కిలోన్యూటన్లు మించకూడదు, లెవెల్ 2లో 20. వీపుకు లెవెల్ 1లో 18, లెవెల్ 2లో 9. అంటే లెవెల్ 2 వీపు ప్యాడ్ దాటి వచ్చే దెబ్బ లెవెల్ 1లో సగం. ధర తేడా కొన్ని వందల నుంచి వెయ్యి, రెండు వేల లోపే ఉంటే ఆలోచించనక్కరలేదు.

వేడి ఊళ్లవాళ్లు ఇంకో గుర్తు వెతకాలి. ఇప్పటి మెత్తని ప్యాడ్లు ఒంటి వేడికి వంగుతూ, దెబ్బ తగిలిన క్షణంలో బిగుసుకుంటాయి. అలాంటి పదార్థం వేడికి మరీ మెత్తబడితే దెబ్బ ఆపే శక్తి తగ్గవచ్చు. ప్యాడ్ మీద టీ ప్లస్ అని ఉంటే 40 డిగ్రీల వేడిలో కూడా పరీక్షించి చూశారని అర్థం. టీ మైనస్ అంటే సున్నాకు పది డిగ్రీల కింద చలిలో పరీక్షించారని. దాంతో మనకు పనిలేదు.

అన్నిటికంటే ఎక్కువమంది మోసపోయేది వీపు దగ్గర. తక్కువ ధర జాకెట్లలో వీపు సంచిలో ఉండేది పలచని స్పాంజి ముక్క. దానిమీద ఏ గుర్తూ ఉండదు. దుకాణంలోనే ఆ సంచి తెరిచి చూడండి. స్పాంజి ఉంటే వీపు ప్యాడ్ విడిగా కొనే ఖర్చు కూడా కలుపుకునే జాకెట్ ధర లెక్కేసుకోవాలి. ఆ సంచి కొలత ముందే తీసుకోండి, లేకపోతే కొన్న ప్యాడ్ అందులో పట్టదు.

వాన సంగతి

మెష్ జాకెట్ వాన ఆపదు. జల్లెడ నీళ్లు ఆపితే గాలీ ఆపుతుంది. ‘ఎండకూ వానకూ ఒకే జాకెట్’ అన్న ప్రకటన వెనక మూడింటిలో ఏదో ఒక ఏర్పాటు ఉంటుంది.

మొదటిది లోపల జిప్పుతో తగిలించే వాన అస్తరు. చూడడానికి తెలివైన ఏర్పాటే, వాడకంలో నస. చినుకు మొదలవగానే రోడ్డు పక్కన ఆగి, జాకెట్ విప్పి, అస్తరు తగిలించి, మళ్లీ తొడుక్కోవాలి. అప్పటికి తడిసే తడుస్తాం. ఒళ్లు తడవకపోయినా బయటి మెష్, ప్యాడ్లు, జేబులు నానిపోతాయి. జాకెట్ బరువెక్కుతుంది, మర్నాటికి ఆరదు. తడిసిన జాకెట్‌కు గాలి తగిలి, ఇరవైఐదు డిగ్రీల వాతావరణంలో కూడా వణుకు పుడుతుంది. సుంకి దగ్గర ఘాట్‌లో వానకు తడిసినవాళ్లను అడిగితే చెబుతారు. వణికే చేతులకు బ్రేకు సరిగా అందదు.

రెండోది నీళ్లు ఆపి ఆవిరిని బయటికి పంపే పొరను గుడ్డలోనే అతికించిన జాకెట్. అది అసలు మెష్ కాదు, ఖరీదు కూడా ఎక్కువ. ఆ పొర ఆవిరిని బయటికి పంపాలంటే లోపలికంటే బయట గాలి పొడిగా ఉండాలి. ఆగస్టులో ముంబయి, నవంబరులో చెన్నై గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది. చలిదేశంలో దానికి పెట్టే డబ్బుకు దక్కే ఫలం మనకు దక్కదు.

మూడోది, మనకు సరైనది, జాకెట్ మీదుగా తొడుక్కునే విడి వానకోటు. జాకెట్ పొడిగా ఉంటుంది. బండి దిగి నిమిషంలో వేసుకోవచ్చు, వాన ఆగగానే తీసేయవచ్చు. బెంగళూరు సాయంత్రాల్లో ఇరవై నిమిషాలు కుండపోత పోసి ఊరుకునే వానకు ఇంతకంటే అనువైనది లేదు. ఇంకో లాభం కూడా ఉంది. వట్టి చొక్కా మీద వేసుకున్న వానకోటు ఒంటికి అతుక్కుంటుంది. మధ్యలో మెష్, ప్యాడ్లు ఉంటే కాస్త ఖాళీ ఉండి, లోపల ఉక్క కొంత తగ్గుతుంది.

కాబట్టి వాన అస్తరు ఉన్న జాకెట్, లేని జాకెట్ మధ్య ధర తేడా ఉంటే, లేనిదే కొని ఆ మిగులు వానకోటుకు పెట్టండి.

వానకోటు కొనేటప్పుడు జాకెట్ వేసుకునే దుకాణానికి వెళ్లాలి. మామూలు సైజు ప్యాడ్ల మీద పట్టదు, ఒకటి, రెండు సైజులు పెద్దది కావాలి. లోపల కుట్ల మీద టేపు అతికించి ఉందో లేదో చూడాలి. నీళ్లు మొదట దూరేది గుడ్డలోంచి కాదు, సూది రంధ్రాల్లోంచి. చీటీ మీద 5,000 మి.మీ., 10,000 మి.మీ. అని ఉంటే, అంత ఎత్తు నీటి స్తంభం ఒత్తిడికి గుడ్డ ఆగుతుందని అర్థం. ప్యాంటుకు ఈ అంకె ఎక్కువ ఉండాలి. సీటు మీద నిలిచిన నీళ్లలో మన బరువంతా వేసి కూర్చుంటాం కనుక ముందు కారేది అక్కడే. ముందు జిప్పు మీద గుడ్డ మడత, మెడ దగ్గర బిగించే పట్టీ ఉండాలి. కోటు చేతులు గ్లవ్స్ మీదికి రావాలి, లోపలికి దోపితే మోచేతి నీళ్లన్నీ గ్లవ్స్‌లోకే కారతాయి. రంగు మాత్రం పసుపో నారింజో. ముసురులో నల్లకోటు వేసుకున్నవాడు వెనక వచ్చే లారీ డ్రైవరుకు కనపడడు.

దుప్పటిలా కప్పుకునే పొంచోలు బండి మీద వద్దు. గాలికి ఎగిరి చక్రంలోనో చెయిన్‌లోనో చిక్కుకుంటాయి.

ఎప్పటికి కొనాలన్నది ఊరిని బట్టి ఉంటుంది. ముంబయి, ఒడిశా వాళ్లకు జూన్ నుంచి సెప్టెంబరు అసలు కాలం. తమిళనాడు తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలది పెద్ద వాన. యానాం వాళ్లకు రెండు కాలాలూ తప్పవు.

ఒంటికి పట్టడం

చొక్కా కొన్నట్టు అద్దం ముందు నిలబడి సరిపోయిందనుకుంటే చాలదు. బండి మీద కూర్చుని, లేదా కుర్చీలో కూర్చుని హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాపి చూడాలి. మోచేయి వంచినప్పుడు ప్యాడ్ ఎముక మీదే ఉండాలి. ముంజేతి దగ్గర జాకెట్ పట్టుకుని మెలితిప్పండి. ప్యాడ్ పక్కకు జారితే పడినప్పుడూ జారుతుంది. అప్పుడు లెవెల్ 2 ఉన్నా ఫలితం ఉండదు. గాలి ఆడాలని వదులుగా ఉన్నది కొనడం మన ఊళ్లలో మామూలు, కానీ మెష్‌కు వదులు అవసరం లేదు. జాకెట్ ఒంటిని ఆనుకుని ఉంటేనే గాలి నేరుగా చెమటకు తగులుతుంది. చేతులకూ నడుముకూ బిగించే పట్టీలు ఉన్నవి చూసుకోండి.

రైనాక్స్, రైడా, వయాటెర్రా, రాయల్ ఎన్‌ఫీల్డ్ లాంటి మన దేశపు పేర్లతో మెష్ జాకెట్లు దొరుకుతున్నాయి. ఒకరి ‘ఎల్’ ఇంకొకరి ‘ఎం’ కావచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే టేపుతో ఛాతీ కొలిచి ఆ కంపెనీ పట్టికతో పోల్చుకోవాలి, మార్చుకునే వీలుంటేనే కొనాలి.

వెనక కూర్చునేవాళ్లను మరచిపోతుంటాం. భర్తకు ఏఏ జాకెట్, వెనక భార్యకు వట్టి చీర కొంగు, ఇది మన ఇళ్లలో రోజూ కనిపించే దృశ్యమే. పడితే ఇద్దరూ అదే రోడ్డు మీద పడతారు. ఆడవాళ్ల కొలతలతో కుట్టిన జాకెట్లు విడిగా వస్తున్నాయి, మగవాళ్ల చిన్న సైజు వాటికి బదులు కాదు. భుజం వెడల్పు కుదరక ప్యాడ్ కిందికి జారుతుంది. చీర మీద కూడా జాకెట్ వేసుకోవచ్చు. కొంగును నడుముకు చుట్టి, జాకెట్ లోపలికి దోపి జిప్పు వేస్తే అది ఎగిరి చక్రంలో పడే భయం కూడా తగ్గుతుంది. చుడీదార్ చున్నీకీ ఇదే పద్ధతి.

జాకెట్‌తోపాటు గ్లవ్స్ కూడా కొనాలి. పడబోతున్నప్పుడు ఎవరైనా ముందు చేతులే ఆనిస్తారు. బడ్జెట్ తక్కువైతే జాకెట్‌లో ఒక మెట్టు దిగి అయినా గ్లవ్స్ తీసుకోమంటాను.

ఉతకడం, దాచడం

మెష్‌లో చెమట ఉప్పు పేరుకుంటుంది, వాసన వస్తుంది. వాసన వస్తే వేసుకోబుద్ధి కాదు. వేసవిలో రెండు మూడు వారాలకోసారి ప్యాడ్లన్నీ తీసి, ఏది ఏ పక్కదో గుర్తు పెట్టుకుని, జిప్పులు మూసి, బకెట్ నీళ్లలో కొద్దిగా సబ్బు కలిపి నానబెట్టి చేత్తో పిండకుండా జాడించాలి. గుడ్డలు మెత్తబడడానికి వాడే ద్రావకాలు వద్దు. నీడలో ఆరేయాలి. ప్యాడ్లను తడిగుడ్డతో తుడిస్తే చాలు, ఎండలో పెట్టకూడదు. ఎండలో నిలిపిన బండి ట్యాంకు మీద జాకెట్ పడేసి వెళ్లే అలవాటు ఉంటే మానుకోవాలి.

వానకోటును తడిగా మడిచి సీటు కింద పెడితే పాడైపోతుంది. వేడికీ తేమకూ లోపలి పూత జిగురు జిగురుగా మారి పొరలుగా ఊడిపోతుంది. ఆ తరువాత ఎన్ని టేపులు వేసినా నీళ్లు కారతాయి. ఇంటికి రాగానే విప్పి ఆరేయాలి, ముసురు పట్టి ఆరకపోతే ఫ్యాను కింద వేలాడదీయాలి.

ఒకసారి గట్టిగా పడిన తరువాత దెబ్బ తగిలిన చోటి ప్యాడ్ మార్చాలి, పైకి బాగానే కనిపించినా సరే. ప్యాడ్లు విడిగా అమ్ముతారు, జాకెట్ మొత్తం మార్చనక్కరలేదు. గుడ్డ చిరిగి, కుట్టు విచ్చుకుంటే మాత్రం ఊళ్లో దర్జీ చేత మామూలు దారంతో కుట్టించి మళ్లీ హైవే మీదికి వేసుకెళ్లకండి.